దిదిమ అపోలో గుడిలో గోడ గీతలు కనబడాలంటే

టర్కీలోని దిదిమలో గ్రీకు దేవుడు అపోలోకి కట్టిన ప్రాచీన ఆలయానికి వెళ్లేవాళ్లలో చాలామంది స్తంభాల దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తారు. అసలు సరుకు లోపలుంది. ఎదురుగా కనిపించే పెద్ద ద్వారం గడపే దాదాపు 1.5 మీటర్ల ఎత్తు, అది ఎక్కడానికి కాదు. దాని పక్కనున్న వాలు సొరంగాల్లో ఏదో ఒకదాంట్లోంచి దిగితే కప్పులేని గర్భాలయంలోకి చేరతారు.

అక్కడి గోడల మీద హెలెనిస్టిక్ కాలపు (అలెగ్జాండర్ తర్వాతి గ్రీకు యుగం) శిల్పులు గీసుకున్న ప్లాన్లున్నాయి. గుడి పూర్తయి ఉంటే ఆఖరి నునుపు పనిలో చెరిగిపోయేవే. 1979లో వాస్తు చరిత్ర పరిశోధకుడు లోథార్ హాసెల్‌బెర్గర్ వాటిని గుర్తించారు. వెంట్రుకంత సన్నటి గీతలు మరి! ఎండ సూటిగా పడితే మాయం, ఫ్లాష్ కొట్టినా అంతే. వెలుతురు గోడ వెంబడి ఏటవాలుగా పాకే వేళ, గోడకు దగ్గరగా నిలబడి వారగా చూడండి. నీడగా ఉంటే ఫోన్ టార్చిని పక్కనుంచి, గోడకు ఆనీ ఆనకుండా పట్టండి. గాడిలో నీడ పడి గీత తేలుతుంది. నీళ్లు చల్లడం, సుద్ద రాయడం మాత్రం వద్దు.

స్తంభానికి కావాలని ఇచ్చే కొద్దిపాటి ఉబ్బును చూపే బొమ్మ దొరికితే ఒక్క సంగతి గుర్తుంచుకోండి: అడ్డం కొలత అసలు సైజే, నిలువు మాత్రం 16వ వంతు. గ్రీకు కొలతల్లో అడుగుకు 16 వేళ్లు కాబట్టి, అసలు స్తంభంలోని ఒక్కో అడుగుకు బొమ్మలో ఒక వేలు.