చలికాలం తర్వాత పాత ట్రయంఫ్‌ని బయటికి తీస్తున్నారా? కిక్ కొట్టేముందు ఈ జాగ్రత్తలు

బ్రిటన్‌లో మార్చి ఆఖరి ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. సాయంత్రం వెలుగు ఎక్కువసేపు ఉంటుంది, రోడ్ల మీద చల్లిన ఉప్పు వానలకి కొట్టుకుపోతుంది, నవంబరు నుంచి గరాజ్‌లో దుప్పటి కప్పుకుని ఉన్న బైకుల మీదికి మనసు పోతుంది. పాత బైకు కొత్తగా కొన్నవాళ్లు ఇంజన్ పాడుచేసుకునేదీ ఎక్కువగా ఆ రోజుల్లోనే. నెలల తరబడి కదలని ఇంజన్‌ని దుప్పటి తీసీ తీయగానే కిక్ కొడతారు. కొట్టకండి. ముందు ఆయిలు, తర్వాత కరెంటు, ఆ తర్వాత పెట్రోలు చూడండి. కిక్ అన్నిటికన్నా చివర.

ఇక్కడ నేను ఉదాహరణగా తీసుకున్న బండి కోవెంట్రీ దగ్గర మెరిడెన్ ఫ్యాక్టరీలో తయారైన 650 సీసీ ట్రయంఫ్ బోనవిల్, అంటే టీ120. ఈ మోడల్ 1959లో వచ్చింది. ఇంజన్, గేర్‌బాక్సు ఒకే కేసులో ఉండే పద్ధతి 1963లో మొదలైంది. నేను చెప్పే వివరాలు ఆ 1963 తర్వాతి బళ్లవి. 1971 నుంచి ఆయిలు ట్యాంకు ఫ్రేములోకే వెళ్లిపోయింది కాబట్టి వాటికి కొన్ని తేడాలుంటాయి. అప్పటి మిగతా బ్రిటిష్ బళ్లు బీఎస్ఏ, నార్టన్ ఉన్నవాళ్లకి కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

ఆయిలు ఎక్కడుందో ముందు తెలుసుకోండి

ఈ ఇంజన్‌కి ఆయిలు ఉండే చోటు అడుగున కాదు, పక్కన వేరే ట్యాంకులో. పంపులో రెండు ప్లంజర్లుంటాయి. ఒకటి ట్యాంకులోంచి ఆయిలు తీసి ఇంజన్‌కి ఇస్తుంది, రెండోది అడుక్కి జారిన ఆయిల్ని తోడి మళ్లీ ట్యాంకులో పోస్తుంది. బండి ఆగి ఉన్నప్పుడు ట్యాంకులోని ఆయిల్ని కిందికి దిగకుండా ఆపేది పంపులోని ఒక చిన్న గుండు. ఆ గుండు కూర్చునే చోట కాస్త మురికి చేరినా, అరిగినా, ఆయిలు బొట్టు బొట్టుగా ఇంజన్ అడుగునున్న క్రాంక్‌కేసులోకి దిగుతూనే ఉంటుంది. మూడు నాలుగు నెలల్లో ట్యాంకు సగానికి సగం ఖాళీ కావచ్చు. ఇక్కడివాళ్లు దీన్ని వెట్ సంపింగ్ అంటారు.

కొత్తవాళ్లు చేసే అసలు తప్పు ఇక్కడే. ట్యాంకు మూత తీసి చూస్తారు, ఆయిలు తక్కువగా కనిపిస్తుంది, లీటరు పోస్తారు. పాతది ఎక్కడికీ పోలేదు, కింద క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) చుట్టూ నిలిచి ఉంది. ఆ స్థితిలో స్టార్ట్ చేస్తే క్రాంకు ఆ ఆయిల్లో మునిగి తిరుగుతుంది. ఎగజిమ్మిన ఆయిలు రింగులు దాటి పైకి వచ్చి స్పార్క్ ప్లగ్గుల్ని తడిపేస్తుంది, సైలెన్సర్లలోంచి వీధంతా తెల్లపొగ కమ్ముతుంది, ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టంలోంచి ఆయిలు కక్కుతుంది, సీళ్లు ఊడిపోయే ప్రమాదం కూడా ఉంది.

అందుకని చలికాలం తర్వాత మొదటి పని అడుగున ఉన్న సంప్ ప్లగ్ విప్పడం. వెడల్పాటి ట్రే పెట్టుకుని, సరిగ్గా పట్టే పానాతో నిదానంగా విప్పండి. ఒక టీ కప్పు ఆయిలు వస్తే ఆరోగ్యంగా ఉన్నట్టే. ట్రే నిండుతుంటే పంపు శుభ్రం చేయించాల్సిన సమయం వచ్చిందని అర్థం. ప్లగ్గుతో పాటు చిన్న జాలీ బయటికొస్తుంది. దాన్ని తెల్ల గుడ్డ మీద తట్టి, టార్చి వేసి చూడండి. నల్లటి జిగురు ఉంటే కడిగి పెట్టేయొచ్చు. వెండిలా, ఇత్తడిలా మెరిసే రేకులు కనిపిస్తే మాత్రం ఆ రోజుకి బండి స్టార్ట్ చెయ్యొద్దు, తెలిసినవాళ్లకి చూపించండి. కిందికి దిగిన ఆయిల్లో తేమ కలిసి ఉంటుంది కాబట్టి తిరిగి పోయకుండా, ట్యాంకు కూడా ఖాళీ చేసి కొత్త 20డబ్ల్యూ-50 గ్రేడు ఆయిలు పోయడం మేలు.

తర్వాత రెండు స్పార్క్ ప్లగ్గులూ విప్పేసి, స్విచ్ ఆపి ఉంచి, కిక్‌ని నెమ్మదిగా తొక్కుతూ ఉండండి. ట్యాంకు మూత తీసి టార్చి వేస్తే లోపల రిటర్న్ గొట్టం కొస కనిపిస్తుంది. కాసేపటికి అక్కడ ఆయిలు మొదలవుతుంది, ధారగా కాదు, గాలి బుడగలతో కలిసి ఉమ్మినట్టు విడివిడిగా. తోడే ప్లంజర్ ఇచ్చేదానికన్నా పెద్దది కాబట్టి మధ్యమధ్యలో గాలి రావడం సహజమే. స్టార్ట్ అయ్యాక కూడా ముందు ఇదే చూడాలి. అర నిమిషం దాటినా గొట్టం కొసన ఆయిలు రాకపోతే ఇంజన్ ఆపేయండి.

ఆయిలు కిందికి దిగకుండా గొట్టం మధ్యలో చేత్తో తిప్పే ట్యాప్ పెట్టుకోమని కొందరు సలహా ఇస్తారు. కొత్తవాళ్లు దాని జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను. ఒక్కసారి తెరవడం మరిచి బయల్దేరితే ఇంజన్‌కి చుక్క ఆయిలు అందదు, కొద్ది నిమిషాల్లోనే బేరింగులు పోతాయి. ప్రతి వసంతంలో సంప్ ప్లగ్ విప్పుకోవడం దానికన్నా ఎంతో నయం.

క్రాంకు లోపల మురికిని పట్టి ఉంచే ఒక గొట్టం కూడా ఉంటుంది, స్లడ్జ్ ట్రాప్ అంటారు. ఏళ్ల తరబడి నిండిపోతే బిగ్ ఎండ్‌లకి ఆయిలు దారి మూసుకుపోతుంది. అది శుభ్రం చేయాలంటే ఇంజన్ మొత్తం విప్పాలి, మొదటి ఏడాది చేసే పని కాదు. కాకపోతే బండి కొన్నప్పుడే పాత బిల్లుల్లో ఆ పని ఎప్పుడు జరిగిందో వెతకండి. ఆధారం దొరక్కపోతే అదే పెద్ద ఖర్చు అవుతుందని ముందే లెక్కలో వేసుకోండి.

కరెంటు: ఎర్ర తీగ ఎటు?

కార్లలో, ఇప్పటి బైకుల్లో బ్యాటరీ నెగటివ్ బాడీకి కలుస్తుంది. ఈ బళ్లలో లూకాస్ కంపెనీ వైరింగ్ తీరు వేరు, పాజిటివ్ ఫ్రేముకి కలుస్తుంది. అలవాటు కొద్దీ తిప్పి కలిపితే బ్యాటరీ ఛార్జింగుని చూసుకునే రెక్టిఫయర్, జీనర్ డయోడ్ పోతాయి. ఇంకో చిక్కు, మీకన్నా ముందు ఈ బండి నడిపినవాళ్లెవరైనా ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించినప్పుడు మొత్తం నెగటివ్ ఎర్త్‌కి మార్చేసి ఉండొచ్చు. పుస్తకంలో ఏముందన్నది పక్కన పెట్టి, ఫ్రేముకి బిగించిన తీగ బ్యాటరీ ఏ కొసకి వెళ్తోందో వేలితో వెంట వెళ్లి చూడండి. ఫ్యూజు లేకపోతే, ఫ్రేముకి కలవని రెండో తీగలో ముందు అది పెట్టించండి. పానా పట్టే ముందు ఎప్పుడూ బ్యాటరీ తీగ విప్పేయండి. ఇంజన్ ఆగి ఉండగా స్విచ్ ఆన్‌లో మరిచిపోవడం కూడా మంచిది కాదు. పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటుని కలిపి తెంచే చిన్న స్విచ్) మూసుకున్న చోట ఆగి ఉంటే కాయిల్ కాలిపోతుంది.

పెట్రోలు, మంట, పొగ

బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఈ10, అంటే 10 శాతం దాకా ఇథనాల్. అది నీటిని లాక్కుంటుంది, పాత రబ్బరు గొట్టాల్ని ఉబ్బిస్తుంది, ఫైబర్‌గ్లాస్ ట్యాంకుల్నీ, ట్యాంకు లోపల పూసిన పాత సీలర్నీ కరిగిస్తుంది. సూపర్ రకం ఇప్పటికీ ఈ5 కాబట్టి పాత బండికి అదే కొట్టించండి. ఇండియాలో మన బంకుల్లో ఇప్పుడు ఈ20 వస్తోంది కాబట్టి ఇంటి దగ్గర పాత బుల్లెట్ ఉంచుకున్నవాళ్లు పెట్రోలు గొట్టాలు తరచూ నొక్కి చూసుకోవాలి. శీతాకాలమంతా నిలవున్న పెట్రోలు మాత్రం ఏదైనా సరే, తీసేసి కొత్తది పోయాల్సిందే.

ఆమల్ కార్బ్యురేటర్‌కి పక్కన ఉండే చిన్న పుల్లని నొక్కితే పెట్రోలు పొంగి గేర్‌బాక్సు మీదికి కారుతుంది. చల్లటి ఇంజన్‌కి అది అవసరమే, కానీ కారింది ఆరేదాకా కిక్ కొట్టొద్దు. ఇక్కడ చాలా ఇళ్లలో ఇంటిని వేడి చేసే గ్యాస్ బాయిలర్ గరాజ్‌లోనే ఉంటుంది. అలాంటి చోట పెట్రోలు పని అసలు పెట్టుకోవద్దు, బండిని బయటికి నెట్టి చేయండి. మంటలార్పే సిలిండరు చేతికందే దూరంలో ఉండాలి. చలిగా ఉందని తలుపు మూసి ఇంజన్ నడపడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

కార్బ్యురేటర్ని బిగించే రెండు నట్లని బలమంతా పెట్టి తిప్పకండి. ఆ లోహం మెత్తన, ఒంగిపోతే లోపలి స్లయిడ్ తెరుచుకున్న చోటే ఇరుక్కుంటుంది. వేగంగా పోతుండగా థ్రాటిల్ వెనక్కి రాకపోతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

పానాల సంగతి

పెట్టెలోని మిల్లీమీటరు పానాలు ఈ బండికి పట్టవు. విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలతలో పావు అంగుళం నట్టు ముఖాల మధ్య దూరం దాదాపు 13.3 మిల్లీమీటర్లు. 13 ఎక్కదు, 14 వదులుగా ఎక్కి అంచులు గుండ్రంగా చేసేస్తుంది. విట్‌వర్త్ పానా మీది అంకె బోల్టు మందాన్ని చెబుతుంది, నట్టు వెడల్పుని కాదు. 1960ల చివర్లో అమెరికన్ కొలత థ్రెడ్లు కూడా కలిశాయి కాబట్టి ఒకే బండి మీద రెండు రకాలూ ఉంటాయి. బోల్టు చేత్తో మూడు చుట్లు సాఫీగా తిరగకపోతే అది దానిది కాదు. అల్యూమినియంలో థ్రెడ్డు పోతే మళ్లీ వేయించడం పెద్ద పని. బర్మింగ్‌హామ్‌లో తయారైన పాత కింగ్ డిక్ పానాలు ఆటోజంబుల్ అనే పాత బళ్ల సామాన్ల సంతల్లో దొరుకుతాయి. ఇప్పటి చవక సెట్ల కన్నా అవి నయం.

గ్యాస్కెట్ల దగ్గర సిలికాన్ దట్టంగా పూయొద్దు. లోపలికి పొంగిన ముక్క ఊడి ఆయిలు రంధ్రంలో ఇరుక్కుంటుంది.

టాపెట్లు, అంటే వాల్వుల దగ్గర ఉండే సందు, చల్లటి ఇంజన్ మీదే చూడాలి. టీ120కి ఇన్‌లెట్ 0.002 అంగుళం, ఎగ్జాస్ట్ 0.004. పాయింట్ల సందు 0.015 అంగుళం. టాపెట్ల మీది గుండ్రటి మూతలు అదురుకి ఊడి రోడ్డు మీద పడిపోతుంటాయి, ప్రతిసారీ చేత్తో తిప్పి చూడండి.

బ్రేక్ డ్రమ్ విప్పితే లోపలి దుమ్ముని ఊదొద్దు, గాలి గొట్టంతో కొట్టొద్దు. పాత షూలలో ఆస్‌బెస్టాస్ ఉండేది. మాస్కు పెట్టుకుని, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని సంచిలో మూసి పారేయండి. ఇంజన్ నడుస్తుండగా వెనక చక్రం తిప్పుతూ చైనుకి ఆయిలు పూయడం మరీ ఘోరం. వేళ్లు తెగిపోయేది అలాగే.

ఇక కిక్

నెలలు కదలకపోతే క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. స్విచ్ ఆపి, క్లచ్ పూర్తిగా పట్టుకుని, కిక్ కిందికి జారేదాకా తొక్కండి. లేకపోతే మొదటి గేరు వేయగానే బండి ముందుకి దూకుతుంది. బూట్లు వేసుకోండి, మడమ పైదాకా ఉన్నవి. పాయింట్ల వెనక ఉన్న, వేగాన్ని బట్టి స్పార్క్‌ని ముందుకి జరిపే అడ్వాన్స్ స్ప్రింగులు తుప్పు పట్టి ఇరుక్కుని ఉంటే కిక్ ఎదురుతంతుంది, చీలమండలు విరుగుతాయి. పెడల్‌ని బిగువు తగిలేదాకా దింపి, దాన్ని కొంచెం దాటించి, పైకి తెచ్చి, అప్పుడు ఒంటి బరువంతా వేసి ఒకే ఊపున కిందిదాకా తొక్కాలి. మోకాలు బిగదీయకూడదు.

40 ఏళ్లు దాటిన, పెద్దగా మార్పులు చేయని బళ్లకి 2018 మే నుంచి బండి రోడ్డుకి తగినదా అని చూసే ఎంఓటీ పరీక్ష తప్పనిసరి కాదు. బండి రోడ్డుకి తగ్గట్టు ఉండాలన్న బాధ్యత మాత్రం పూర్తిగా మీదే. అడిగి డబ్బు కడితే పరీక్ష చేస్తారు. మొదటి ఏడాది తప్పకుండా చేయించుకోండి, మీ చేతి పనిని ఇంకో కన్ను చూడటం అవసరం.

మొదటిసారి వీధి చివరిదాకా వెళ్లి రండి చాలు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. మద్రాసులో తయారైన పాత బుల్లెట్ నడిపినవాళ్లకి ఇది అలవాటే, తక్కినవాళ్లు ఖాళీ జాగాలో బ్రేకు వేసి వేసి కాలికి నేర్పాలి. తిరిగొచ్చాక ఇంజన్ చల్లబడనిచ్చి ఆయిలు మట్టం, సంప్ ప్లగ్, ఇరుసు నట్లు, ఎగ్జాస్ట్ బిగింపులు ఒక్కొక్కటీ పానా పెట్టి చూడండి. కింద పరిచిన అట్టముక్క మీద ఆయిలు ఎక్కడ పడిందో దాన్ని బట్టి తర్వాతి వారం పని ఏమిటో తెలుస్తుంది.