ఇంటి సబ్బు – 6వ పాఠం: చెడిన సబ్బును తిరిగి ఉడికించడం

ఈసారి రంగుల గురించి చెప్పుకోవాలి. కానీ పోయిన పాఠం చూసి సబ్బు చేసిన చాలామందికి అది పొడిపొడిగా రాలిపోయింది, కొందరికి చేతులు మండాయి. జనగామ నుంచి ఒకామె పంపిన ముక్క చేతిలోకి తీసుకోగానే అంచు విరిగి పిండిగా రాలింది. దాన్ని అలా వదిలేసి రంగుల్లోకి వెళ్లడం సరికాదు. చెడిన సబ్బును పారేయకండి. అందులోని నూనె, దాన్ని సబ్బుగా మార్చే క్షారం (కాస్టిక్ సోడా) రెండూ పనికొచ్చేవే.

కారణం దాదాపు అందరిదీ ఒకటే. పాఠంలో కొబ్బరినూనె 600 గ్రాములు, నువ్వుల నూనె 400 గ్రాములు, కాస్టిక్ సోడా 155 గ్రాములు అని ఇచ్చాను. చాలామంది సోడాను తూచారు, నూనెను మాత్రం కొలపాత్రలో 600, 400 గీతల దాకా పోశారు. నూనె నీళ్లకన్నా తేలిక. లీటరు నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది. నమ్మకం లేకపోతే నూనె ప్యాకెట్ తిప్పి చూడండి, 1 లీటరు, 910 గ్రాములు అని రెండూ పక్కపక్కనే ఉంటాయి. అంటే మీ సబ్బులో పడింది 910 గ్రాముల నూనె, సోడా మాత్రం 1000 గ్రాములకు లెక్కగట్టినది.

ఆ 155 ఎలా వచ్చిందో మళ్లీ చూడండి. గ్రాము కొబ్బరినూనెకు 0.183 గ్రాముల సోడా, గ్రాము నువ్వుల నూనెకు 0.134. రెండింటికీ కలిపి 163.4 అవుతుంది. చర్మానికి మెత్తగా ఉండాలని అందులో 5 శాతం తగ్గించాం. 910 గ్రాముల నూనె మొత్తం సబ్బుగా మారడానికి సుమారు 149 గ్రాముల సోడా చాలు. మీరు వేసింది 155. తగ్గించిన 5 శాతం పోవడమే కాదు, ఇంకో 6 గ్రాముల సోడా ఏ నూనే దొరక్క సబ్బులో మిగిలిపోయింది. చేతులు మండించింది అదే.

విరుగుడు లెక్కలోనే ఉంది. తక్కువ పడిన 90 గ్రాముల నూనెను ఇప్పుడు కలపాలి: కొబ్బరినూనె 54, నువ్వుల నూనె 36. నేనైతే ఆ 36 గ్రాముల నువ్వుల నూనె బదులు ఇప్పనూనె పోస్తాను. దానికి పట్టే సోడా దాదాపు అంతే, సబ్బూ గట్టిగా వస్తుంది. ములుగు, ఏటూరునాగారం వైపు బంధువులుంటే తెప్పించుకోండి. వాసన గిట్టనివాళ్లకు నువ్వుల నూనెతోనే సరిపోతుంది.

ముందు మీ సబ్బు నిజంగా చెడిందో లేదో తేల్చుకోవాలి. తడివేలితో సబ్బును ఒకసారి రుద్ది, ఆ వేలిని నాలుక కొసకు తాకించి వెంటనే పుక్కిలించండి. సోడా మిగిలి ఉంటే నాలుక చురుక్కుమంటుంది. లేకపోతే ఉత్త సబ్బు రుచే తెలుస్తుంది. చురుక్కుమనకుండా కేవలం పొడిగా రాలుతుంటే, కొబ్బరినూనె ఎక్కువైన సబ్బును ఆలస్యంగా కోసి ఉంటారు. పైన తెల్లటి పొర కట్టడం కూడా చెడడం కాదు. సోడా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఏర్పడే పొర అది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. దాని కోసం సబ్బంతా తురమాల్సిన పని లేదు.

పసుపుతో పరీక్ష చేసినవాళ్లు కొందరు ఎర్రబడింది చూసి మంచి సబ్బును కూడా పారేశారు. సబ్బు ఏదైనా క్షారమే. దాని పీహెచ్ 9, 10 మధ్య ఉంటుంది, కాబట్టి ఏ సబ్బు తగిలినా పసుపు ఎర్రబడాల్సిందే. కూర మరక మీద సబ్బు రుద్దగానే ఎర్రగా మారడం మనం రోజూ చూసేదే. సోడా మిగిలిందో లేదో పసుపు చెప్పలేదు. ఆ పరీక్ష మానేయండి.

ఇక పని. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి. అల్యూమినియం గిన్నె పనికిరాదు, సోడా దాన్ని తినేస్తుంది. సబ్బును సన్నగా తురమండి, ఆ తురుముపీటను మళ్లీ వంటకు వాడకండి. నూనె తేలి విడిపోయిన సబ్బయితే అడుగున మిగిలిన నీరు, పైన తేలిన నూనె ఏదీ పారబోయకుండా అన్నీ కలపండి. అందులో ఏది పోయినా లెక్క తప్పుతుంది.

ఇప్పుడు నీళ్లు. ఇక్కడ నా మాట అక్షరాలా వినాలి.

వేడి చేసినంత మాత్రాన ఇంటి సబ్బు పలచగా కరిగి ధారగా జారదు. అచ్చులో పోసుకోవడానికి దుకాణంలో దొరికే పారదర్శక సబ్బు కరుగుతుందంటే, అందులో అదనంగా గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, సార్బిటాల్ లాంటివి ఉంటాయి. మన సబ్బులో అవి కలపలేదు. మనది మెత్తబడుతుంది, అంతే. అది ఇంకా జారుగా రాలేదే అని ఒక గ్లాసు, కాసేపటికి ఇంకో గ్లాసు పోసేస్తారు. అది జారుగా రాకపోవడమే సరైనది! కిలో తురుములో 300 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే 1300 గ్రాముల ముద్ద అవుతుంది. పోసిన ఆ నీళ్లన్నీ తిరిగి ఆవిరై పోవాలి. అంటే 100 గ్రాముల బిళ్ల చివరికి 77 గ్రాములకు దిగుతుంది. అంచులు ముందు ఆరి కుంచించుకుపోతాయి, మధ్యభాగం తడిగానే ఉంటుంది. దాంతో బిళ్ల వంకర పోతుంది, నడుమ పగులుతుంది. చాలామంది ఆ పగుళ్లకు నూనెను తప్పుపడతారు, తప్పు నీళ్లది. వానాకాలంలో ఇంకా కష్టం. సబ్బులో సహజంగా ఏర్పడే గ్లిజరిన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తడి సబ్బు బతుకమ్మ పండుగ దాకా చెమట పడుతూనే ఉంటుంది. అదే ఏప్రిల్, మే ఎండల్లో మన వరంగల్‌లో ఆరబెట్టడానికి కష్టపడాల్సిన పని ఉండదు.

కాబట్టి కొలత ఇది: రెండు వారాల లోపు సబ్బుకు కిలోకు 60 మిల్లీలీటర్లు, నెల దాటినదానికి 120. బోరునీళ్లు వద్దు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నురగ రాని తెట్టు అవుతాయి. డిస్టిల్డ్ వాటర్ వాడండి. తురుము మీద ఆ నీళ్లు చిలకరించి, మూతపెట్టి, రాత్రంతా వదిలేయండి. ఈ ఒక్క పని చేస్తే ఇంకా నీళ్లు కావాలనిపించదు.

మర్నాడు లెక్కగట్టిన నూనె కలిపి, నీళ్లు మరిగే గిన్నె మీద స్టీలు గిన్నె పెట్టి, మూతపెట్టి సన్నటి మంట మీద ఉంచండి. పదిహేను నిమిషాలకోసారి అడుగు నుంచి మెల్లగా తిప్పండి. గిలక్కొడితే గాలి చేరి బుడగలు మిగులుతాయి. ముందు అంచుల దగ్గర తురుము తెల్లదనం తగ్గి నిగనిగలాడుతుంది, తరువాత గింజలు గింజలుగా ఉన్నది ఒకటవుతుంది. గంట, గంటన్నరకు ముద్దపప్పులా గరిటెకు అంటుకుంటూ నిలుస్తుంది. కొద్దిగా తీసి చల్లార్చి మళ్లీ నాలుక పరీక్ష చేయండి. చురుక్కుమంటే ఇంకో అరగంట ఉంచండి. అప్పటికీ తగ్గకపోతే మీ మొదటి తూకంలో ఇంకేదో పొరపాటుంది. ఆ సబ్బును ఒంటికి వాడకండి.

వాసన నూనెలు దించాక, వేడి 60 డిగ్రీల లోపుకు వచ్చాకే కలపాలి. బాగు చేసిన సబ్బుకు నేను ఏ వాసనా కలపను, అందరూ అలా చేయనక్కరలేదు. బటర్ పేపర్ పరిచిన చెక్కపెట్టెలో గరిటెతో అదిమి నింపి, పెట్టెను గట్టిగా నేలకు కొట్టండి. మర్నాడు కోసి, గాలి తగిలే నీడలో నాలుగు వారాలు ఆరనివ్వండి.

సాధన: గ్రాము తేడా చూపే తూకం లేనివాళ్లు ముందు అది కొనుక్కోండి, అది లేకుండా ఏడో పాఠం మొదలుపెట్టకండి. చెడిన సబ్బును 300 గ్రాముల చొప్పున మూడు భాగాలు చేసి, ఒకదానికి 18, ఒకదానికి 36, ఒకదానికి 90 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి విడివిడిగా ఉడికించండి. ఒక్కో భాగం నుంచి ఒక బిళ్ల తీసుకుని ఆరు వారాలు ప్రతి ఆదివారం తూచి, బరువు, పొడవు, పగుళ్లు రాసిపెట్టుకోండి. తురుమే ముందు ఒక్కో భాగానికి ఎంత నూనె కలపాలో మీరే లెక్కగట్టాలి. 90 గ్రాములను మూడుకు పంచి ఒక్కో భాగానికి 30 గ్రాములు పోస్తే తప్పు. మీ మొదటి సబ్బు మొత్తం బరువు తెలియకుండా ఆ లెక్క తేలదు, కాబట్టి ముందు దాన్ని తూచండి.