కథ చెప్పేటప్పుడు కిటికీకి వీపు పెట్టకండి

గుంటూరులో మా వీధి పిల్లలకు ఆదివారం పూట కథలు చెబుతుంటాను. అంగన్‌వాడీ టీచర్లకూ, లైబ్రరీలో పిల్లలకు కథలు చెప్పేవాళ్లకూ ఒక మాట. కిటికీకి వీపు పెట్టి కూర్చోకండి. వెలుతురు వెనక నుంచి పడితే మన ముఖం నల్లగా కనిపిస్తుంది. వినికిడి తక్కువున్న పిల్లలు చాలామంది పెదాల కదలిక చూసి కూడా కథ పట్టుకుంటారు. అందుకే పుస్తకం నోటికి అడ్డం పెట్టుకోవద్దు. గరగరమనే ఫ్యాను పక్కన అసలే వద్దు, వినికిడి యంత్రం మన గొంతుతో పాటు ఆ రొదనూ పెంచేస్తుంది.

చూపు సరిగా లేని పిల్లలుంటే బొమ్మ చూపించి ఊరుకోకుండా కథలోని వస్తువు చేతికివ్వండి: కొబ్బరి చిప్ప, పత్తికాయ, తాటాకు బుట్ట. (గుంటూరు కదా అని ఎండుమిరపకాయ మాత్రం ఇవ్వకండి, ఆ చేతులే కళ్లకు పోతాయి!) అందరి చేతికీ ఇవ్వండి. ఒక్కడికే ఇస్తే వాడు వేరుగా మిగిలిపోతాడు.

కుదురుగా కూర్చోలేని వాళ్లను గదమాయించకండి. వెనక ఒక చాప వేసి, లేచి తిరగొచ్చని ముందే చెప్పేయండి. ఒక పిల్ల గోడవైపు తిరిగి కూర్చుంది కదా అని, వినట్లేదనుకోవద్దు. మా దగ్గర ఒకమ్మాయి అలాగే విని, మరుసటి వారం కథంతా నాకే అప్పజెప్పింది.