పత్తి చేనులో బంగారు చెవి కమ్మ పడిపోతే: మెటల్ డిటెక్టర్‌తో, నీళ్లతో వెతికే పద్ధతి

కమ్మ పోయిందని తెలియగానే పది మందిని పిలిచి చేనంతా తొక్కించకండి. మెత్తటి చెల్కలో ఒక్క అడుగు పడితే చాలు, పైన మెరుస్తున్నది మట్టి కిందికి పోతుంది. ‘దున్నితే పైకి తేలుతుంది’ అని ట్రాక్టర్ దింపడం ఇంకా పెద్ద తప్పు. రోటవేటర్ ఒక్క చుట్టు తిరిగితే అంగుళం లోతులో ఉన్నది ఐదారంగుళాల లోపలికి పోతుంది, పైగా వంగిపోతుంది. వెతకడం అయ్యేదాకా ఆ చేనులో నాగలి, గుంటక ఏదీ పెట్టొద్దు.

చేనుకంటే ముందు పత్తి మూటలు చూడండి. ఏరిన పత్తి ఒడిలోంచి సంచిలోకి పోసేటప్పుడు కమ్మ అందులోనే పడి ఉండొచ్చు. పత్తిలో లోహం ఉండదు కాబట్టి మూట మీద డిటెక్టర్ తిప్పితే సంగతి ఐదు నిమిషాల్లో తేలుతుంది. పెద్ద బోరమైతే నాలుగు వైపులా తిప్పి చూడాలి, నడిమధ్య దాకా సిగ్నల్ అందదు. మూట వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోయాక ఇక అంతే.

ఆ తర్వాత పోగొట్టుకున్న మనిషిని అడగాల్సినవి: చివరిసారి చెవి తడుముకున్నది ఎప్పుడు, అన్నం తిన్నది ఏ చెట్టు కింద, మూట నెత్తికెత్తుకున్నది ఎక్కడ. మూట ఎత్తేటప్పుడు, దించేటప్పుడు కమ్మ తట్టుకుంటుంది. వంగి ఏరుతుంటే పుస్తెలతాడు కొమ్మకు చిక్కుతుంది. ఈ రెండు మూడు చోట్లే ముందు. ఎకరం మొత్తం చివరి మాట.

ఏ మిషన్

వీఎల్‌ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ) రకం డిటెక్టర్ చాలు. చూడాల్సింది అది ఎన్ని కిలోహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందో. సన్న బంగారానికి ఎక్కువ ఫ్రీక్వెన్సీ మేలు. గారెట్ ఏస్ 250 పనిచేసేది 6.5 దగ్గర, నోక్టా సింప్లెక్స్ ప్లస్ 12, గారెట్ ఏటీ గోల్డ్ 18, మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 1000 ఏకంగా 45. పుస్తె, ఉంగరం ఏ మిషన్‌కైనా దొరుకుతాయి. ముక్కుపుడక కావాలంటే 15 దాటినది మంచిది. కాయిల్, అంటే నేల మీద తిప్పే గుండ్రటి భాగం, 11 అంగుళాలదైతే నేల త్వరగా తిరుగుతుంది, 5, 6 అంగుళాలది చిన్న వస్తువును బాగా పడుతుంది. సాళ్ల మధ్య మోళ్లు అడ్డం వచ్చే పత్తి చేనులో చిన్న కాయిలే సుఖం. కాయిల్‌కు కట్టె తగిలితే దొంగ సౌండ్ వస్తుంది.

సినిమా హాలు గేటు దగ్గర ఒంటి మీద తిప్పే చేతి మిషన్‌తో చేను వెతకలేరు. తవ్విన మట్టిలో దగ్గరగా చూడటానికి మాత్రం పనికొస్తుంది. ఇక రెండు యాంటెన్నా కడ్డీలు పట్టుకుంటే వంద మీటర్ల అవతలి బంగారం చూపిస్తుందని అమ్మే ‘లాంగ్ రేంజ్’ మిషన్లున్నాయే, వాటికి ఒక్క రూపాయి పెట్టొద్దు. అలా పనిచేసే సూత్రమే లేదు. మామూలు డిటెక్టర్‌కు ఉంగరం జానెడు లోతులో దొరికితే గొప్ప, ముక్కుపుడక రెండంగుళాలు.

మిగిలిన కమ్మతోనే సెట్ చేయండి

ఒక కమ్మ పోతే దాని జత చెవికి మిగిలే ఉంటుంది. అంతకంటే మంచి నమూనా దొరకదు. దాన్ని చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పొడుగాటి ఎర్ర దారం కట్టి, దారం కొస పైకి ఉంచి అదే చేనులో రెండంగుళాల లోతున పూడ్చండి. పూడ్చే ముందు ఆ చోట వేరే సౌండ్ లేదని చూసుకోవాలి. కాయిల్ తిప్పి తెర మీద వచ్చే నంబర్, సౌండ్ రాసుకోండి. తర్వాత నాలుగంగుళాలు, ఆరంగుళాలు. ఎక్కడ సౌండ్ ఆగిపోతే ఆ మిషన్‌కు ఆ నేలలో అంతే లోతు. గాలిలో పట్టి చూపిన నంబర్‌ను నమ్మొద్దు, మట్టిలో మారుతుంది.

ఎర్ర చెల్కల్లో ఇనుము పాలు ఎక్కువ, మిషన్ ఊరికే అరుస్తుంది. అందుకే గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే మట్టికి మోగకుండా మిషన్‌ను సర్దడం, తప్పనిసరి. సెన్సిటివిటీ (సన్న సిగ్నల్‌ను పట్టే శక్తి) సగానికి తగ్గించి, లోహం లేని చోట కాయిల్‌ను నేలకు అంగుళం ఎత్తు నుంచి జానెడు ఎత్తుకు పైకీ కిందికీ ఆడించాలి. రెండు ఎత్తుల్లోనూ సౌండ్ ఒకేలా ఉండేదాకా సర్దాలి. తర్వాత సెన్సిటివిటీ మెల్లగా పెంచి, పటపట చప్పుడు మొదలుకాగానే ఒక మెట్టు దించండి. చెల్క దాటి రేగడిలోకి వస్తే మళ్లీ మొదటి నుంచి. నల్ల బండరాళ్లు తేలిన చోట కూడా అంతే. పైన 11 కేవీ లైన్ ఉంటే, దగ్గర్లో ట్రాన్స్‌ఫార్మర్ లేదా కరెంటు కంచె ఉంటే గోల తగ్గదు. వ్యవసాయ కరెంటు పోయిన వేళ చూసుకుని చేయండి. సెల్‌ఫోన్ గెట్టు మీద పెట్టండి. చేతి ఉంగరం, కడియం తీసేయండి, లేకపోతే మట్టి గుప్పిట్లో పట్టుకున్నప్పుడు మోగేది మీ ఉంగరమే.

ఇనుమును వదిలేసే డిస్క్రిమినేషన్ పెట్టుకుంటే పని తేలికే, కానీ బంగారం కూడా పోతుంది. సన్న బంగారం నంబర్ రేకు ముక్కల నంబర్ దగ్గరే వస్తుంది, ఎర్ర నేలలో ఒక్కోసారి ఇనుములాగా కూడా చూపిస్తుంది. అన్ని లోహాలకూ మోగే ఆల్ మెటల్‌లో పెట్టి మోగిన ప్రతిదీ తవ్వాల్సిందే. పురుగుమందు డబ్బా మూత కింది రేకు, మాత్రల పట్టీ, తీగ ముక్క, కల్టివేటర్ బోల్టు, ఇవన్నీ దొరుకుతాయి. జేబులో వేసుకోండి, అక్కడే పారేస్తే రేపు మళ్లీ మోగుతుంది.

గొలుసుల సంగతి వేరు. సన్న గొలుసు పెద్ద వస్తువులా మోగదు, మిషన్‌కు ఒక్కో కడి విడివిడిగా కనిపిస్తుంది. మోగితే కొక్కెమో బిళ్లో మోగాలి. నల్లపూసల్లో పూసలకు సౌండే రాదు, మధ్య తీగకే.

గుంటకు గంట

గుంట అంటే 121 చదరపు గజాలు, చదరంగా కొలిస్తే 33 అడుగులు 33 అడుగులు. నాలుగు మూలలా కట్టెలు పాతి, మూడడుగులకొక సుతిల్ కట్టండి. పదకొండు పట్టీలవుతాయి. కాయిల్ నేలకు అంగుళం ఎత్తులో, నేలకు సమానంగా ఉండాలి. కొసలకు వచ్చేసరికి చెయ్యి పైకి లేచిపోతుంది, అక్కడే వస్తువులు తప్పిపోతాయి. ఎడమ నుంచి కుడికి నాలుగు సెకన్లు, ముందుకు ఐదంగుళాలు. ఆ లెక్కన పట్టీకి ఎనభై ఊపులు, గుంటకు దాదాపు గంట. తవ్వకాలు కలిపితే రెండు. ఎకరానికి 40 గుంటలు, కాబట్టి మనిషిని సరిగ్గా అడిగి ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోవడంలో గంట పోయినా నష్టం లేదు. మొదటిసారి దొరక్కపోతే సుతిల్ అడ్డం తిప్పి మళ్లీ. పడుకోబెట్టిన వస్తువు బాగా మోగుతుంది, నిలబడ్డ ఉంగరం ఒక వైపు నుంచే పలుకుతుంది.

సౌండ్ వచ్చిన చోట కాయిల్‌ను అడ్డంగా, నిలువుగా తిప్పి రెండు గీతలు కలిసే చోట గుర్తు పెట్టండి. పారతో ఆ గుర్తు మీద పొడవొద్దు. బెత్తెడు దూరంలో చుట్టూ కోసి మట్టిని ప్లాస్టిక్ టబ్బులోకి తీసి, గుంతలో మళ్లీ చూడాలి. గుంత మోగకపోతే వస్తువు టబ్బులో ఉంది. ఆ మట్టిని రెండు పళ్లేల్లోకి పంచి, మోగిన పళ్లేన్ని మళ్లీ రెండుగా పంచుతూ పోతే నాలుగైదు సార్లలో గుప్పెడు మట్టి మిగులుతుంది. పళ్లేలూ టబ్బూ ప్లాస్టిక్‌వే ఉండాలి. ఇనుప తట్ట, గడ్డపార రెండు గజాల అవతల.

నాటు వేసే పొలంలో పోతే నీళ్లుండగా వెతకొద్దు, ఆరాక మెత్తబడ్డ మట్టి గట్టి అడుగు దాకా, అంటే ఏడెనిమిది అంగుళాలు చూడాలి. అంత లోతున ఉంగరం దొరుకుతుంది, ముక్కుపుడక దొరకదు. అక్కడ పనికొచ్చేది నీళ్ల పద్ధతి.

జలగడగడం

కంసాలి దుకాణాల ముందరి మట్టి ఊడ్చి కడిగి బంగారపు రజను తీసేవాళ్లు చేసే పనే ఇది. లెక్క బరువుది: ఇసుక నీటికి రెండున్నర రెట్లు బరువు, నల్ల ఇసుక ఐదు రెట్లు, 22 క్యారెట్ల బంగారం పదిహేడు రెట్లకు పైనే. వెడల్పాటి ప్లాస్టిక్ పళ్లెం, 14 అంగుళాలది, లోపల మెట్లున్నదైతే మేలు.

ముందు అరంగుళం, తర్వాత పావంగుళం జల్లెడ. జల్లెడ పైన మిగిలింది చేత్తో చూసి పక్కన పోగేయండి, పారేయొద్దు. కింద పడింది పళ్లెంలో మూడింట రెండొంతులు నింపి నీళ్ల తొట్టిలో ముంచి గడ్డలన్నీ పిసికి కరిగించాలి. రేగడి మట్టి రాత్రంతా నానబెట్టకపోతే కరగదు, కరగని గడ్డ బంగారాన్ని లోపల పెట్టుకుని అంచు దాటిపోతుంది. ఎక్కువ మంది పోగొట్టుకునేది ఇక్కడే. పళ్లెం నీళ్లలోనే ఉంచి అటూ ఇటూ ఇరవై సెకన్లు గట్టిగా కుదిపితే బరువైనది అడుగుకు చేరుతుంది. అప్పుడు కొద్దిగా వంచి పై మట్టిని అలతో కడగాలి. మళ్లీ కుదపడం, మళ్లీ కడగడం. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేస్తే రేకులు నీటి మీద తేలిపోవు. చివరికి గుప్పెడు నల్ల ఇసుక మిగిలితే ఆరబెట్టి, అయస్కాంతాన్ని కవర్లో చుట్టి తిప్పండి, చాలావరకు లేచిపోతుంది. పాదరసం జోలికి పోవద్దు, దాని ఆవిరి విషం.

చెయ్యి కుదిరిందో లేదో తెలియాలంటే చేపల గాలానికి కట్టే సీసం ముక్కలు బియ్యపు గింజంత పది కోసి, మట్టిలో కలిపి కడగండి. పదికి పది వచ్చేదాకా అసలు మట్టి ముట్టొద్దు. సీసం ముట్టాక చేతులు కడుక్కోండి.

ఒక్క మినహాయింపు: పుస్తెలతాడు గుండ్లు. లోపల లక్క నింపి ఉంటుంది కాబట్టి చూపుకి బంగారమే గానీ బరువు లేదు, కడిగేటప్పుడు ఇసుకతో పాటు కొట్టుకుపోవచ్చు. వాటిని జల్లెడలోనే పట్టాలి.

ఇదే మిషన్‌తో గోదావరి ఇసుకలో బంగారం వెతుకుదామని చాలామందికి ఆశ. ఇసుకలో ఉండే రజను డిటెక్టర్‌కు వినపడనంత సన్నం. పైగా 1957 నాటి గనుల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా ఖనిజం అన్వేషించడం నేరం. వరంగల్ కోట, రామప్ప దరిదాపుల్లో మిషన్ బయటికే తీయొద్దు. చేనులో పాత నాణేల కుండ తగిలితే 1878 నాటి చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటినా కలెక్టర్‌కు రాసివ్వాలి. రాత్రి టార్చి లైటుతో డిటెక్టర్ పట్టుకుని తిరిగితే గుప్తనిధుల గ్యాంగ్ అనుకుంటారు. పగలు, పట్టాదారుకు చెప్పి వెళ్లండి.

కమ్మ దొరికింది, దాని వెనక బిగించే శీల దొరకలేదంటే శీల కోసం ఇంకో గుంట తిరగొద్దు. శీల ఊడిన చోటు వేరు, కమ్మ జారిన చోటు వేరు. కంసాలి దగ్గర కొత్త శీల చేయించుకుని, అప్పుడే రెండో చెవి శీల మరలు కూడా అరిగాయేమో చూపించండి.