కంట్రోల్ దొరకడం లేదా? కుటుంబంతో ఓరియంటీరింగ్‌లో వచ్చే చిక్కులు, విరుగుళ్ళు

తిరుపతిలో మేం నాలుగైదు కుటుంబాలవాళ్ళం చలికాలం ఆదివారాల్లో ఓరియంటీరింగ్ పెట్టుకుంటాం. ఒకరు ముందురోజు సాయంత్రం పోయి జెండాలు కట్టి వస్తారు. మిగతావాళ్ళం తెల్లారి ఆరున్నరకల్లా పిల్లాజెల్లాతో చేరుకుంటాం. చేతిలో మ్యాప్ పట్టుకుని వరసగా ఒక్కో జెండా వెతకాలి (జెండా ఉన్న చోటునే కంట్రోల్ అంటారు), అక్కడ వేలాడే సూదుల పంచ్‌తో కార్డు మీద గుర్తు వేసుకోవాలి, చివరికి ముగింపు చేరాలి. ఆట అంతే. మా పాపకు తొమ్మిదేళ్ళు, బాబుకు ఆరు. కింద రాసినవన్నీ మాకో, మాతో వచ్చినవాళ్ళకో ఎదురైనవే. మీకు ఏ చిక్కు వచ్చిందో అక్కడికి నేరుగా పోయి చదువుకోండి. ఒక్క నిమిషం తీరిక ఉంటే పిల్లల గురించి రాసిన భాగం మాత్రం అందరూ చదవండి.

మ్యాప్‌లో దారి కుడికి తిరిగింది, ఇక్కడేమో ఎడమకు తిరుగుతోంది

కారణం: మ్యాప్‌ను పేపరు చదివినట్టు అక్షరాలు నిటారుగా కనిపించేలా పట్టుకుంటున్నారు. మీరు దక్షిణానికి నడుస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి.

విరుగుడు: మనం ఎటు తిరిగినా మ్యాప్ ఉత్తరం నేల ఉత్తరాన్నే చూడాలి. మలుపు తిరిగిన ప్రతిసారీ చేతిలో కాగితం కూడా తిప్పుకోవాలి. పిల్లలకు మాటలతో చెబితే ఎక్కదు. మ్యాప్‌ను నేల మీద పరిచి, ఉత్తరానికి సరిచేసి, దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేయించండి. కాగితం కదలదు, తను కదులుతోంది. మా బాబుకు ఆరేళ్ళకే ఇది ఒక్కసారిలో అర్థమైంది. తిరుపతి ఊళ్ళోంచి గానీ చంద్రగిరి పక్క నుంచి గానీ చూస్తే తిరుమల కొండ ఉత్తరం దిక్కునే అడ్డుగా నిలబడి ఉంటుంది. "కొండ ఎటుందో చూసి మ్యాప్ తిప్పు" అంటే చాలు, దిక్సూచి లేకుండానే సగం పని అయిపోతుంది. ఇంకోటి, మీరున్న చోట బొటనవేలు ఆనించి పట్టుకోండి. నడిచేకొద్దీ వేలు జరపండి. వేలు తీశారంటే మళ్ళీ మొత్తం కాగితం వెతుక్కోవాలి.

దిక్సూచి ముల్లు సరిగ్గా ఆగడం లేదు, లేదా తప్పు చూపిస్తోంది

ఎక్కువసార్లు దోషం ఫోనుది. దిక్సూచిని నేల మీద పెట్టి, మీ ఫోనును చేతి దూరం నుంచి మెల్లగా దగ్గరికి తీసుకురండి. ముల్లు ఉలిక్కిపడి పక్కకు తిరగడం మీకే కనిపిస్తుంది. మూసే చోట అయస్కాంతం ఉన్న ఫోను కవర్లయితే ఇంకా ఎక్కువ. ఫోను వీపు సంచిలో ఉండాలి, దిక్సూచి చేతిలో ఉండాలి. ఇనుప గేటు, బోరు పైపు, నిలబెట్టిన బండి పక్కన దిక్కు చూడొద్దు, పది పదిహేను అడుగులు ఇవతలికి రండి.

ఎర్ర కొస ఏకంగా దక్షిణం చూపిస్తుంటే, ఆ దిక్సూచిని ఎప్పుడో ఫోను పక్కనో స్పీకరు పక్కనో ఉంచి ఉంటారు, ముల్లులో అయస్కాంతం తిరగబడింది. పొద్దున సూర్యుడికి ఎదురుగా నిలబడితే ఎడమ చేయి ఉత్తరం కాబట్టి బయల్దేరేముందే కనిపెట్టొచ్చు. అలాంటిది పిల్లల చేతికి ఇవ్వొద్దు.

మూడో కారణం మాకు తెలియడానికి ఒక సీజనంతా పట్టింది. మా మరిది జర్మనీ నుంచి మంచి దిక్సూచి తెచ్చాడు. ఇక్కడ దాని ముల్లు ఒక పక్కకు వాలి, రాసుకుంటూ తిరిగేది. చెడిపోయిందనే అనుకున్నాం. చెడిపోలేదు. యూరప్‌లో భూమి అయస్కాంతశక్తి ముల్లు ఉత్తరపు కొసను బాగా కిందికి లాగుతుంది. ఆ లాగుడుకు సరితూగేలా అక్కడి తయారీలో దక్షిణపు కొసకు పిసరంత బరువు పెడతారు. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశం దక్షిణపు కొస మీదుగా పోతుంది, తిరుపతి దానికి దగ్గర. ఇక్కడ కిందికి లాగే శక్తి చాలా తక్కువ కాబట్టి ఆ అదనపు బరువుతో దక్షిణపు కొస వాలిపోతుంది. విరుగుడు: దిక్సూచిని కొద్దిగా వంచి, ముల్లు ఎక్కడా తగలకుండా తేలేలా పట్టుకోండి. కొత్తది కొనేటప్పుడు మన ప్రాంతానికి సరిచేసినదో, ప్రపంచంలో ఎక్కడైనా పనిచేసే ముల్లున్నదో అడిగి తీసుకోండి.

లోపల చిన్న గాలిబుడగ ఉంటే భయం లేదు. అది ముల్లును నెట్టేంత పెద్దదైతే మార్చాలి. ఎండలో కారు ముందు అద్దం కింద దిక్సూచి వదిలిపెట్టకండి.

తెల్లగా ఉన్నచోట మైదానం ఉంటుందనుకుంటే అంతా చెట్లే

ఈ ఆట స్వీడన్, నార్వే అడవుల్లో పుట్టింది. జనం అందరికీ పెట్టిన మొదటి పోటీ 1897లో ఓస్లో దగ్గర జరిగింది. వాళ్ళకు మామూలు నేల అంటేనే అడవి. అందుకని ఓరియంటీరింగ్ మ్యాప్‌లో తెలుపు అంటే సులువుగా పరిగెత్తగల అడవి. బయలు పసుపు. పచ్చదనం ముదిరేకొద్దీ నడక కష్టం. మన దగ్గర ముదురు పచ్చ అంటే కంప చెట్లని అర్థం చేసుకోండి, పిల్లలతో అటు పోనే పోవద్దు. నలుపు బండలు, కట్టడాలు, దారులు. నీలం నీళ్ళు. గోధుమరంగు గీతలు నేల ఎత్తుపల్లాలు.

లెక్క ప్రకారం వచ్చాం, జెండా మాత్రం లేదు

మా పక్క అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది ఇదే, ఎందుకంటే మేం ఎక్కువగా యజమానిని అడిగి మామిడితోటల్లో పెట్టుకుంటాం. తోటలో ఎటు చూసినా ఒకటే రకం. ఒక సాలు పక్కన ఇంకో సాలు, ఒక గెనిమ (గట్టు) తర్వాత ఇంకో గెనిమ.

చంద్రగిరి అవతల తోటలో మాకు జరిగింది చెబుతాను. నాలుగో కంట్రోల్ రెండో గెనిమ మీద, మోటారు కొట్టానికి తూర్పున ఉంది. గెనిమ దొరికింది, దాని మీద మోటారు కొట్టమూ దొరికింది. జెండా లేదు. ఇరవై నిమిషాలు ఆ చుట్టుపక్కలే తిరిగాం. కొట్టం వెనక్కు చూశాం, తొట్టిలో చూశాం, చెట్టు చెట్టుకూ కొమ్మలు ఎత్తి చూశాం. ఎవరో జెండా ఎత్తుకుపోయారని మా ఆయన తేల్చేశాడు. పాప మాత్రం "నాయనా, మనం దాటింది ఒక గెనిమే గదా" అని రెండుసార్లు అంది. మేం వినలేదు. మేం నిలబడింది మొదటి గెనిమ మీద. ఆ తోటలో రెండు గెనిమల మీదా మోటార్లున్నాయి. జెండా తన చోట తను ఉంది.

కారణం: ఒకేలా ఉండే రెండు గుర్తుల్లో ఒకదాన్ని ఇంకోటి అనుకోవడం. ఒకసారి అనుకున్నాక కళ్ళు ఆ తప్పుకే సాక్ష్యాలు వెతుకుతాయి.

విరుగుడు మొదట దూరం లెక్క. మా మ్యాప్ 1:4000, అంటే కాగితం మీద సెంటీమీటరు నేల మీద 40 మీటర్లు. 100 మీటర్లకు మీకు ఎన్ని జోడు అడుగులు పడతాయో ముందే నడిచి చూసుకోండి. నాకు 66, పాపకు 90 పైనే. నా లెక్కతో తనను నడిపిస్తే తప్పిపోక తప్పదు. తోటలో ఇంకో సులువుంది. ఆ తోటలో చెట్టుకూ చెట్టుకూ 10 మీటర్ల ఎడం. నాలుగు ఎడాలు దాటితే మ్యాప్‌లో సెంటీమీటరు. పిల్లలు అడుగుల లెక్క మరిచిపోతారు గానీ చెట్ల లెక్క మరిచిపోరు.

రెండోది, జెండా కోసం నేరుగా పోవద్దు. దాని దగ్గరలో ఒక్కటంటే ఒక్కటే ఉన్న గుర్తు ఏదో చూడండి. రెండు కాలువలు కలిసే చోటు, చెరువు తూము, ఒంటరి చింతచెట్టు. ముందు అక్కడికి చేరి, అక్కణ్ణుంచి జాగ్రత్తగా లెక్కపెట్టుకుంటూ పోవాలి. ఐదు నిమిషాలు వెతికినా దొరకలేదంటే అక్కడే గింగిరాలు కొట్టొద్దు. ఖాయంగా తెలిసిన చోటికి వెనక్కి రండి. ఆ వెనక్కి రావడం పెద్దవాళ్ళకు చాలా కష్టంగా ఉంటుంది. మనసు ఒప్పదు. అయినా అదే దగ్గర దారి.

మ్యాప్‌లో చెరువుంది, ఇక్కడ పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు

మ్యాప్ ఏ నెలలో గీశారో చూడండి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నవంబరులో నిండిన చెరువు మార్చికి ఎండుతుంది. ఎండిన వంక నవంబరులో పారుతుంది. 2021 నవంబరులో స్వర్ణముఖి ఎలా పొంగిందో చూసినవాళ్ళెవరూ ఎండువంక అనే గీతను నమ్మి పిల్లలతో దిగరు. నీళ్ళను కాకుండా కట్టను, మరవను (అలుగును), తూమును గుర్తుగా పెట్టుకోండి. అవి ఏ కాలంలోనైనా అక్కడే ఉంటాయి. వంకలో నీళ్ళు పారుతుంటే ఆ కంట్రోల్ వదిలేయండి.

జెండా దొరికింది, కానీ తప్పు పంచ్ అన్నారు

నారింజ, తెలుపు కలిసిన ఏ జెండా చూసినా పిల్లలు పరుగెత్తుతారు. అది వేరే కోర్సుది, అంటే ఇంకొకరు వెతకాల్సిన జెండాల వరసది కావచ్చు. ప్రతి జెండాకూ కోడు అంకె ఉంటుంది. పంచ్ వేసేముందు దాన్ని కాగితంతో పోల్చి పైకి చదవమనండి.

మూడో కంట్రోల్ దాటగానే "నేను రాను" అని కూర్చుండిపోయింది

అలసిపోయిందనుకుంటాం. మొదట అదే చూడాలి. నీళ్ళు తాగించండి, ఒక అరటిపండో వేరుశనగ ఉండో పెట్టండి. తొమ్మిదేళ్ళలోపు పిల్లలకు రెండు కిలోమీటర్లకు మించిన కోర్సు వద్దని నా అభిప్రాయం. అంత దూరం నడవగలరు. కానీ నడుస్తూ ఆలోచించడం వేరు.

తిని తాగాక కూడా లేవకపోతే మ్యాప్ ఎవరి చేతిలో ఉందో చూడండి. మా ఇంట్లో ఏడాది పాటు అది వాళ్ళ నాయన చేతిలో ఉండేది. ఆయన ముందు, పిల్లలు వెనక. ఎటు పోతున్నారో తెలియకుండా ఎండలో ఒకరి వీపు చూస్తూ నడవడం ఏ పిల్లకు మాత్రం ఇష్టం? ఆ గెనిమ రోజు సాయంత్రం మేమిద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. తర్వాతి ఆదివారం మ్యాప్ పాపకిచ్చాం. కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, గోరంత కూడా నలగకుండా, ప్రతి మలుపులోనూ ఆగి తిప్పుకుంటూ నడిచింది. ఆ రోజు ఒక్కసారి కూడా కూర్చోలేదు.

మేం ఇప్పుడు పాటించేది ఇది. పెద్దవాళ్ళు మూడడుగులు వెనక నడవాలి. రెండే ప్రశ్నలు అడగొచ్చు: "ఇప్పుడు ఎక్కడున్నాం? తర్వాత ఏం కనపడాలి?" తప్పు దారి పట్టినా వెంటనే అనకండి. ముందు రోడ్డో కట్టో అడ్డం వస్తుందంటే అక్కడిదాకా పోనివ్వండి, అక్కడ తనే ఆగుతుంది. ఇద్దరు పిల్లలుంటే సరి అంకెలు ఒకరికి, బేసి అంకెలు ఒకరికి. మరీ చిన్నవాళ్ళకు ఒక తాడు కట్టండి. మా బాబుకు ఐదేళ్ళప్పుడు చెట్ల మధ్య 200 మీటర్ల తాడు కట్టి, దారిలో బొమ్మలు తగిలించాం, తాడు పట్టుకుని ఒక్కడే పోయి వచ్చాడు. మీకూ పరుగెత్తాలని ఉంటే ఒకరు పోయి వచ్చేదాకా ఇంకొకరు పిల్లల దగ్గర ఉండండి, తర్వాత మారండి.

ఎండ, ముళ్ళు, కొండ

తొమ్మిదిన్నరకల్లా ముగించండి. ఏప్రిల్, మే నెలల్లో అసలు పెట్టొద్దు. పూర్తి ప్యాంటు, బూట్లు వేయండి. శేషాచలం అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా పోకూడదు. అనుమతి దొరికినా పిల్లలతో నేను పోను. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలోనే ఆరేళ్ళ పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. తోటలు, చెరువు కట్టలు, కాలేజీ ప్రాంగణాలు మనకు చాలినన్ని ఉన్నాయి.

ఒక కుటుంబం ఇంకా రాలేదు

పిల్ల మెడలో విజిల్ ఉండాలి. తప్పిపోతే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదాలి. ఇంట్లోనే నేర్పండి. దారి అసలు తెలియకపోతే ఏం చేయాలో కూడా బయల్దేరేముందే చెప్పండి. మా తోటల్లో అయితే "కొండకు వీపు పెట్టి నడువు, రోడ్డు వస్తుంది".

అయితే మేం చాలాసేపు వెతికిన ఒక్కసారీ ఎవరూ తప్పిపోలేదు. ఒక కుటుంబం కోర్సు సగంలో ఆపేసి, చెప్పకుండా నేరుగా ఇంటికి పోయింది. ఫోన్లు సంచుల్లో ఉన్నాయి. మేం రెండు గంటలు తోటంతా అరుస్తూ తిరిగాం, బావుల్లోకి తొంగిచూశాం. ఆ బావుల్లోకి చూసిన నిమిషాలు నేను మరిచిపోలేను. కోర్సు ముగించినా, మధ్యలో మానేసినా, ముగింపు దగ్గరికి వచ్చి చెప్పే పోవాలి. ఇప్పుడు మా అత్తగారు అక్కడ చాప వేసుకుని నోటుబుక్కుతో కూర్చుంటారు. పోయేవాళ్ళ పేరు ఎదురుగా బయల్దేరిన టైము రాస్తారు, రాగానే వచ్చిన టైము రాస్తారు. రెండో గడి అందరికీ నిండేదాకా జెండాలు విప్పడానికి ఎవరినీ కదలనివ్వరు.