క్లబ్బు మీటింగులో క్రియేటివ్ ఫొటో చూపించాలంటే

"ఈ నెల టాపిక్ క్రియేటివ్" అని ఫొటోగ్రఫీ క్లబ్బులో చెప్పగానే జనం రెండు బ్యాచులైపోతారు. ఒక బ్యాచ్ "మాకు ఫొటోషాప్ రాదండీ" అని వెనక కుర్చీల్లోకి జారుకుంటారు, ఇంకో బ్యాచ్ ముందురోజు రాత్రి ఫోన్‌లో నాలుగు ఫిల్టర్లు కొట్టి పెన్ డ్రైవ్ పట్టుకొచ్చేస్తారు. క్రియేటివ్ అంటే ఉన్నదున్నట్టు కాకుండా, కెమెరా కదిపో ఫొటోలు కలిపో కొత్త బొమ్మ చేయడం. ఈ రాసింది రెండు బ్యాచులకీ. మాది వైజాగ్ కాబట్టి ఉదాహరణలన్నీ హార్బర్, భీమిలి చుట్టూనే తిరుగుతాయి, మీ ఊళ్లో ఏముంటే దానికి మార్చుకోండి.

ఫొటోషాప్ రానివాళ్లు కెమెరాతోనే మొదలెట్టొచ్చు, క్లిక్ చేసేటప్పుడు కెమెరాని కావాలనే కదిపి బొమ్మని గీతల్లా సాగదీయడం అన్నమాట. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, వెలుగొచ్చీరాగానే, ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుకి స్పందించే స్థాయి) 100, ఎఫ్/16 (లెన్స్ రంధ్రం బాగా చిన్నగా), షట్టర్ (వెలుగు లోపలికొచ్చే సమయం) పావు సెకను దగ్గర పెట్టుకుని, బోట్ల మీద జెండా కర్రలు నిలువుగా ఉంటాయి కదా, కెమెరాని కూడా పైనుంచి కిందకి దించుతూ క్లిక్ చేయండి. బటన్ నొక్కకముందే కదపడం మొదలెట్టాలి, నొక్కాక కూడా ఆపకూడదు, మధ్యలో చెయ్యి ఆగిందంటే ఆ కుదుపు ఫొటోలో వంకరగా తెలిసిపోద్ది. సముద్రం అయితే అడ్డంగా తిప్పండి, గీత దేనికి ఎటుందో అటే చెయ్యి. ఎండెక్కాక ఇదే సెట్టింగ్‌తో తీస్తే తెల్లగా కాలిపోద్ది, లెన్స్ ముందు పెట్టి వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఉంటే తప్ప కుదరదు. ఐఫోన్ వాళ్లు లైవ్ ఫొటో (కాస్త కదలికతో సహా దాచుకునే ఫొటో) తీసి తర్వాత దాన్ని లాంగ్ ఎక్స్‌పోజర్‌గా (కదిలేవి మసగ్గా సాగినట్టు కనపడేలా) మార్చుకోవచ్చు, కాకపోతే దీనికి ఫోన్ కదలకుండా పట్టుకోవాలి, అలలే కదలాలి. పది తీస్తే తొమ్మిది చెత్తే వస్తాయి, ఫీలవ్వద్దు, ఈ పద్ధతికి అది మామూలే.

లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఫొటోలు, కలిపేవాళ్లకి రెండు బ్లెండ్ మోడ్‌లు (పై ఫొటో కిందదానితో కలిసే పద్ధతులు) వస్తే సగం పని అయిపోయినట్టే. మల్టిప్లైలో తెలుపు మాయమైపోయి ముదురు రంగులు మిగుల్తాయి, స్క్రీన్‌లో దానికి రివర్సు, నలుపు పోద్ది. అంటే తెల్లటి ఆకాశం ముందు కాకి నీడలా ఉన్న ఫొటోకి మల్టిప్లై, చీకట్లో దీపాల గీతలకి స్క్రీన్. ఫొటోషాప్ కొనక్కర్లేదు, జింప్ ఫ్రీ, ఫొటోపీ బ్రౌజర్‌లోనే నడుస్తది, ఫోన్‌లో స్నాప్‌సీడ్‌లో డబుల్ ఎక్స్‌పోజర్ ఉంది.

ఒకటి పూర్తిగా చెప్తా. హార్బర్‌లో పాత బోట్లకి నీలం పెయింట్ పెచ్చులూడిపోయి కింద ఎరుపు, దానికింద చెక్క కనపడుతూ ఉంటది చూడండి, దానికి దగ్గరగా, ఎండ నేరుగా పడనప్పుడు, నిండా ఫోకస్‌తో ఒక ఫొటో. భీమిలి దగ్గర ఒంటరి పడవ, చుట్టూ ఖాళీ నీళ్లు, అది ఇంకో ఫొటో. పడవ ఫొటో కింద, పెయింట్ పైన, మోడ్ మల్టిప్లై, ఒపాసిటీ (పై ఫొటో ఎంత గాఢంగా కనపడాలో చెప్పేది) 40 శాతం దగ్గర ఆపండి. ఇప్పుడు నీళ్లూ ఆకాశం మొత్తం పెచ్చులూడినట్టు అవుద్ది, బాగుంటది, కానీ పడవ కూడా మురికిగా అయిపోద్ది. అందుకని పెయింట్ లేయర్‌కి మాస్క్ (నలుపు పూసినచోట ఆ లేయర్‌ని దాచేసే ముసుగు) వేసి, మెత్తటి బ్రష్‌తో పడవ మీద మాత్రం నలుపు పూసేయండి, అంచుల దగ్గర ఫ్లో (బ్రష్ నుంచి రంగు వచ్చే జోరు) తగ్గించి రెండు మూడుసార్లు మెల్లగా. చివర్లో 100 శాతం జూమ్ చేసి పడవ చుట్టూ తెల్లటి గీత ఉందేమో చూడండి. మనిషినో పడవనో కట్ చేసి తెచ్చి అతికించేట్టయితే వెలుగు ఎటునుంచి వస్తుందో రెండు ఫొటోల్లోనూ ఒకటే ఉండాలి, సూర్యుడు ఎడమపక్కనుండి నీడ కూడా ఎడమపక్కే పడితే క్లబ్బులో సీనియర్లు మూడు సెకన్లలో పట్టేస్తారు.

రెడీమేడ్ ఆకాశాల గురించి కూడా చెప్పాలి. ఫొటోషాప్‌లో 2020 చివర్లో స్కై రీప్లేస్‌మెంట్ (ఆకాశాన్ని మార్చేసే టూల్) వచ్చినప్పట్నుంచి దాంతోపాటు వచ్చే అవే మేఘాలు అరకు మీదా, గోల్కొండ మీదా, ఎవరి పెళ్లి ఫొటోలోనైనా తిరుగుతున్నాయి. మీ ఆకాశాలు మీరే తీసి ఒక ఫోల్డర్లో దాచుకోండి, వర్షాకాలంలో మేడెక్కితే చాలు. అందం కోసమే కాదు, ఫియాప్, పీఎస్ఏ అనే ఫొటోగ్రఫీ సంస్థల గుర్తింపు ఉన్న సలోన్‌లకి, అంటే ఫొటో పోటీలకి, పంపాలంటే ఫొటోలో ప్రతి ముక్కా మీరు తీసిందే అయ్యుండాలి, ఏఐతో పుట్టించినవి అక్కడ ఒప్పుకోరు. నేచర్, ఫొటోజర్నలిజం సెక్షన్లలో అయితే ఈ కలపడాలేవీ నడవవు, వీటికి చోటు ఓపెన్ లాంటి సెక్షన్లలోనే. 2023లో సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ అవార్డ్స్‌లో క్రియేటివ్ కేటగిరీ గెలిచిన బోరిస్ ఎల్దాగ్‌సెన్ అది ఏఐ బొమ్మ అని చెప్పేసి ప్రైజ్ వద్దనుకున్నాడు గుర్తుందా, అప్పట్నుంచి అందరికీ అనుమానమే. కాబట్టి ఏ ముక్క ఎక్కడిదో ఎవరూ అడక్కముందే చెప్పేస్తే గొడవ ఉండదు.

ఇక ఫైల్. ప్రొజెక్టర్ 1920x1080 అయితే ఎత్తు 1080 దాటనివ్వద్దు. మామూలు అడ్డం ఫొటో 1620x1080 వస్తది, నిలువు ఫొటో 720x1080కే ఆగిపోద్ది, అంటే తెరమీద సగానికంటే చిన్నగా కనపడుద్ది, అందుకే సన్న సన్న డీటెయిల్స్ ఉన్నవి అడ్డంగా కంపోజ్ చేస్తే మేలు. కలర్ స్పేస్ (ఫైల్లో రంగుల పరిధి) ఎస్ఆర్‌జీబీ పెట్టండి, అడోబ్ ఆర్‌జీబీలో వదిలేస్తే చాలా లాప్‌టాప్ వ్యూయర్లలో రంగులు చప్పగా పడిపోతాయి. జేపెగ్ మాత్రమే, ఐఫోన్ హెచ్ఈఐసీ ఫైళ్లు క్లబ్బు లాప్‌టాప్‌లో తెరుచుకోక అందరూ ఎదురుచూడాల్సొస్తది. ప్రొజెక్టర్ మీద, ముఖ్యంగా హాల్లో కిటికీలకి కర్టెన్లు లేకపోతే, నీడలు మొత్తం ఒకే బూడిద ముద్దైపోతాయి, కాబట్టి చూపించడానికి వేరే కాపీ చేసి షాడోస్ కాస్త లేపండి.

మీటింగులో ఫొటో తెరమీదకి రాగానే మీరు మాట్లాడకండి. ఇది చాలామందికి చేతకాదు, ఫొటో పడకముందే "అంటే ఇది నేను ఏమనుకుని చేశానంటే" అని మొదలెడతారు, ఇక చూసేవాళ్లకి సొంతంగా చూసేది ఏముంటది. ఒక అర నిమిషం వదిలేయండి, ఎవరో ఒకరు నోరు తెరుస్తారు, వాళ్లకి ఏం కనపడిందో వినండి, ఆ తర్వాత పక్క స్లైడ్‌లో ఒరిజినల్స్ చూపించండి, పెయింట్ ఇది, పడవ ఇది అని. ఈ ఒరిజినల్స్ స్లైడ్ దగ్గరే అసలు నేర్చుకోవడం జరుగుద్ది, కొత్తవాళ్లు ఫోన్లు తీసి దాన్నే ఫొటో తీసుకుంటారు. అడిగేది కూడా "ఎలా ఉంది" అని అడిగితే "సూపర్ అండీ" తప్ప ఏం రాదు, "పడవ కుడివైపు ఖాళీ ఎక్కువైందా" అని అడగండి, అప్పుడు నిజం మాట్లాడతారు.

వెనకనుంచి ఎవరో ఒక పెద్దాయన "ఇది ఫొటోగ్రఫీ ఎలా అవుద్దయ్యా" అంటారు, ప్రతి క్లబ్బులోనూ ఒకరుంటారు. వాదించకండి, 1857లోనే ఇంగ్లండ్‌లో ఆస్కార్ రేలాండర్ సుమారు 30 నెగిటివ్‌లు కలిపి ఒకే ప్రింటు చేశారు, అప్పుడూ ఇదే గొడవ జరిగింది మాస్టారూ అని నవ్వుతూ చెప్పండి. ఆయన ఏదో అంటారు, నడుస్తది. అయితే ఆయన "ఎడిటింగ్ తీసేస్తే ఇందులో ఏం మిగుల్తది" అని అడిగితే మాత్రం ఆ ప్రశ్న ఇంటికి పట్టుకెళ్లండి, అది పనికొచ్చే ప్రశ్న.

వేరేవాళ్ల మొహాలు వాడితే, ముఖ్యంగా జాలర్ల పిల్లలవి, ఏం చేయబోతున్నారో ఇంట్లోవాళ్లకి చెప్పి ఒప్పించుకోవాలి, మామూలు ఫొటోకి సరే అన్నవాళ్లు మొహం సగం చేపగా మారిస్తే ఊరుకోరు మరి. మీటింగయ్యాక వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే వాట్సాప్ ఫైల్ సైజు తగ్గించి నలిపేసి పంపుద్ది, మీరు గంటలు కూర్చుని తెచ్చిన పెయింట్ పెచ్చులన్నీ మసకైపోతాయి.