డ్రూరియై అని లేబుల్ ఉంటే సరిపోదు

మూడేళ్ల కిందట ఆన్‌లైన్లో 2,200 రూపాయలు పెట్టి 'డ్రూరియై' మొక్క కొన్నాను. చెప్పులాంటి పువ్వు పూసే స్లిప్పర్ ఆర్కిడ్లలో అదొక జాతి. ఇరవై ఆరేళ్లు ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పినవాణ్ణి, లేబుల్ చూసి మురిసిపోయాను. పద్నాలుగు నెలలకు మొగ్గ విచ్చుకుంది. పై రేకు తెల్లగా, మధ్యలో ఊదా చార. అది స్పైసరియానమ్ అనే మరో స్లిప్పర్ ఆర్కిడ్, ఈశాన్య కొండల మొక్క! "పువ్వు బాగానే ఉందిగా" అంది మా ఆవిడ.

మీ మొక్క నిజంగా డ్రూరియైనా కాదా అన్నది పువ్వు ఉన్నప్పుడే ఈ వరసలో చూసుకోండి.

ముందు ఉపకుటుంబం. చెప్పు ముక్కులాంటి సంచీ పైన చిన్న డాలులా ఉండేది వంధ్య కేసరం, అంటే పుప్పొడి ఇవ్వని కేసరం. దాని వెనక చెరోపక్కా ఒక్కో పుప్పొడి ముద్ద కనబడాలి. మామూలు ఆర్కిడ్లలో పనిచేసే కేసరం ఒక్కటే. రెండుంటే స్లిప్పర్ ఆర్కిడ్.

తర్వాత ప్రజాతి (జీనస్). సిప్రిపీడియమ్ ఆకు విసనకర్రలా మడతలు మడతలుగా ఉంటుంది. ఆకు తోలులా మందంగా, నడిమి ఈనె దగ్గర ఒక్కసారే మడిచినట్టుంటే, నర్సరీల్లో దొరికేవాటిలో అది ఆసియా పాఫియోపెడిలమ్ కావాలి, లేదా అమెరికా ఫ్రాగ్మిపీడియమ్. తేల్చడానికి వాడిపోతున్న పువ్వొకటి చాలు. పువ్వు వెనక కాడలా కనిపించేదే అండాశయం. బెండకాయ చక్రంలా బ్లేడుతో అడ్డంగా కోసి భూతద్దం పెట్టండి. ఒకటే గది ఉండి, గోడకు మూడుచోట్ల అండాలు అంటుకుని ఉంటే పాఫియో. మూడు గదులుంటే ఫ్రాగ్మి.

ఇక జాతి (స్పీషీస్). డ్రూరియై ఆకులు మచ్చల్లేని పచ్చ. పువ్వు పసుపు, పై రేకుకీ పక్క రేకులకీ నడుమ ముదురు గోధుమ చార. స్పైసరియానమ్ పక్క రేకులకూ చార ఉంటుంది కాబట్టి చారను నమ్మకండి, పై రేకు అసలు రంగు చూడండి. పువ్వు లేకపోతే కుండీ చూడండి: డ్రూరియై కొమ్ము (అల్లంలాంటి అడ్డకాండం) పాకుతుంది, కొత్త పిలక తల్లికి ఎడంగా లేస్తుంది.

లేబుల్ మీద 'పాఫియోపెడిలమ్ డ్రూరియై (బెడ్.) స్టైన్' అని ఉంటే, బ్రాకెట్లోని వృక్షశాస్త్రవేత్త బెడ్డోమ్ 1874లో దీన్ని సిప్రిపీడియమ్‌గా వర్ణించాడని, 1892లో స్టైన్ ఇప్పటి ప్రజాతికి మార్చాడని అర్థం. డ్రూరీ అంటే 1865లో మొక్కను సేకరించిన కర్నల్.

అడవిలో ఇది కేరళ, తమిళనాడు సరిహద్దులోని అగస్త్యమల కొండల్లో తప్ప ఎక్కడా లేదు, అక్కడా అంతరించే దశలో ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికీ వర్తిస్తుంది. "అడవి నుంచి తెచ్చిన ఒరిజినల్ సార్" అన్నారంటే ధర కూడా అడక్కుండా వచ్చేయండి.